తాళం తీసినా ఆగని ఇంజిన్

“ఆ బండి స్టార్ట్ చేస్తే మళ్ళీ ఆగదేమో బాబూ. నాకెందుకో కీడు శంకిస్తోంది.”

అప్పటికింకా ఏమీ జరగలేదు. పాత డీజిల్ పికప్ తన మానాన తాను రేకుల షెడ్డులో నిలబడి ఉంది. దాని మూతి సొట్టపడింది, ఒక పక్క లైటు ఊడి వైర్ల మీద వేలాడుతోంది. తాళంచెవి ఇంకా ఇన్సూరెన్సు బాబు వేలి చుట్టూ గిరగిర తిరుగుతూనే ఉంది. అయినా డిటెక్టివమ్మకు గుండె దడ మొదలైంది. ఆమెకది కొత్త కాదు. గ్లాసు బల్ల అంచుకు జరిగితే పగిలినట్టే, ఫోను రెండుసార్లు మోగి ఆగిపోతే ఎవరికో ఏదో అయినట్టే అనుకునే మనిషి. పోలీసు స్టేషన్లో ఆమె వెనకాల అందరూ ‘అయ్యో మేడమ్’ అంటారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. జరగబోయే చెడును పొద్దస్తమానం ఊహించుకునే మనిషికి, జరిగిపోయిన చెడు ఎలా జరిగిందో కనిపెట్టడం అంత కష్టమేమీ కాదని ఆమె తనకు తాను సర్దిచెప్పుకుంటుంది.

ఇన్సూరెన్సు బాబు నవ్వాడు. “మేడమ్, నా పెళ్ళిలో ఫ్యాను ఊడి నెత్తిన పడుతుందన్నారు మీరు. పడిందా?”

“ఇంకా పడలేదు” అందామె.

ఒకప్పుడు అతను ఆమె దగ్గరే పని నేర్చుకున్నాడు. రోడ్డు మీద టైరు గీత చూసి బ్రేకు ఎక్కడ తొక్కారో చెప్పడం ఆమే నేర్పింది. అతను పనిచేసే ఇన్సూరెన్సు కంపెనీ బళ్ళ కేసులన్నీ ఏళ్ళ తరబడి ఆమె చూసినవే. మొన్నామధ్య కంపెనీవాళ్ళు ఫోను చేసి, ఇకనుంచి అన్నీ ఆయనే చూసుకుంటారు, మీరు విశ్రాంతి తీసుకోండి అన్నారు. విశ్రాంతి అన్న మాట విన్నప్పటినుంచి ఆమెకు నిద్ర లేదు. ఇప్పుడు అతని కాళ్ళకు అద్దంలా మెరిసే బూట్లున్నాయి. జేబులో వేలెడంత టార్చి ఉంది, నొక్కితే షెడ్డు మూలమూలలా పట్టపగలవుతోంది. తన టార్చి నాలుగు దెబ్బలు కొడితే గాని వెలగదు. చూడకూడదనుకుంటూనే ఆ టార్చిని ఇప్పటికి చాలాసార్లు చూసింది.

కేసు చూడబోతే చిన్నదే. పికప్ యజమాని చెక్క సామాన్లు చేసి ఇళ్ళకు చేరవేసే మనిషి. నిన్న పొద్దున ఈ షెడ్డు నడిపే చిన్నమేస్త్రీ చేతుల మీదుగా బండి తీసుకుని, రెండు బీరువాలు ఎక్కించుకుని బయల్దేరాడు. కలప డిపో పక్క పల్లంలోకి దిగుతుండగా ఇంజిన్ తనంతట తానే ఊపందుకుంది. ఆక్సిలరేటరు మీంచి కాలు తీశాడట. తాళం కూడా తీసేశాడట. అయినా అది ఆగకుండా తెల్లటి పొగ కక్కుతూ పోయి డిపో గోడకు కొట్టుకున్నాకే చచ్చింది. కిటికీలోంచి అతను వేసిన కేకలు విన్నవాళ్ళందరూ ఇదే మాట చెప్పారు. యజమాని ఇంకా ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు.

ఇన్సూరెన్సు బాబు తేల్చేసిన సంగతి ఇది. ఛాంబరులో, అంటే ఇంజిన్ అడుగున నల్లటి ఆయిల్ నిలిచే తొట్టిలో, ఉండవలసిన దానికన్నా చాలా ఎక్కువ ఆయిల్ ఉంది. ఎక్కువైన ఆయిల్, ఛాంబరు ఆవిరి పోయే గొట్టంలోంచి పైకెక్కి, ఇంజిన్ పీల్చే గాలిలో కలిసింది. దాంతో ఇంజిన్ తన ఆయిల్‌ను తానే తాగి పరిగెత్తింది. అంతవరకూ సరే. మరి ఎవరు పోశారంత? చిన్నమేస్త్రీనే అడిగితే దాపరికం లేకుండా చెప్పాడు. ఆ మాటను ఫోనులో రికార్డు చేసుకుని ఇప్పటికి ముగ్గురికి వినిపించాడు ఇన్సూరెన్సు బాబు: “ఆయిల్ నేనే పోశానండి. నిండా పోశాను.”

మధ్యాహ్నానికల్లా ఆ రిపోర్టు స్టేషనుకు చేరుతుంది. సాయంత్రం లోపల చిన్నమేస్త్రీని తీసుకుపోతారు. ఆసుపత్రిలో మనిషి కళ్ళు తెరవకపోతే ఇక చెప్పేదేముంది.

అందుకే అతని తల్లి తెల్లవారకముందే డిటెక్టివమ్మ గుమ్మం తొక్కింది. చీర చెంగు నోట్లో కుక్కుకుని, ఏడుపు మింగి, ఉన్నది చెప్పింది. తనకు ఇద్దరు కొడుకులు, ఇద్దరూ మేస్త్రీలే. తండ్రి ఉన్నంతకాలం ఒకటే షెడ్డు. ఆయన పోయాక మధ్యలో గోడ లేచింది. పని నేర్పింది పెద్దవాడు, పేరు తెచ్చుకుంది చిన్నవాడు. ఒక్కొక్క బండే గోడకు అటునుంచి ఇటు వచ్చేసింది. నెల కిందట ఈ పికప్ కూడా వచ్చేసింది. అన్నీ చెప్పి, లేవబోతూ ఆ ముసలామె అన్న మాట డిటెక్టివమ్మ చెవిలో ఇంకా ముల్లులా గుచ్చుకుంటోంది.

“చిన్నోణ్ణి తీసుకుపోతారన్న భయం ఒకటైతే అమ్మా, అది చూసి పెద్దోడు నవ్వుతాడేమోనన్న భయం ఇంకొకటి. రెండోది నేను తట్టుకోలేను.”

ఆ పెద్దోడు ఇప్పుడు షెడ్డు వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తల్లి పిలిస్తే వచ్చాడు గాని గడప దాటలేదు. అడిగినదానికి మాత్రం జవాబిచ్చాడు. నెల రోజుల్నుంచి ఈ బండి మొహం కూడా తను చూడలేదట. ఎవరు ఏం పోశారో తనకేం తెలుస్తుందట. పెద్ద చేయి పడిన బండి కదా, వాళ్ళనే అడగండన్నాడు. ఆ ‘పెద్ద చేయి’ అనడంలో ఉన్న విసురు తమ్ముడికి తగిలింది. అతను తల దించుకున్నాడు.

డిటెక్టివమ్మ చేతిసంచి తెరిచింది. అందులో కట్టుగుడ్డలు, నీళ్ళ సీసా, కాలిన గాయాల మందు, ఇంకో జత చెప్పులు ఉంటాయి. ఎప్పుడేం ముంచుకొస్తుందో ఎవరికి తెలుసు. అడుగునుంచి ఒక తెల్లకాగితం తీసింది. ఇంజిన్ పక్కనున్న, ఆయిల్ మట్టం చూపే గేజి కడ్డీ లాగి చూసింది. గీత పైన రెండు వేళ్ళ మేర నల్లగా తడి ఉంది. ఇన్సూరెన్సు బాబు చెప్పింది నిజమే. కానీ ఆ తడి గేజికి పట్టుకుని నిలవడం లేదు, నీళ్ళలా జారిపోతోంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒక చుక్క కాగితం మీద వేసి కిటికీ వెలుతురులో పట్టుకుంది. నడుమ నల్లటి బొట్టు అక్కడే ఆగిపోయింది. దాని చుట్టూ పల్చటి జిడ్డు వలయం మాత్రం చూస్తుండగానే వెడల్పవుతూ పోయింది.

“ఇది ఒట్టి ఇంజిన్ ఆయిల్ కాదు” అంది. “సగానికి సగం డీజిల్.”

ఇన్సూరెన్సు బాబు టార్చి ఆర్పి మళ్ళీ వెలిగించాడు. పాత బండి కదా, కొంచెం డీజిల్ దిగి ఉండొచ్చునన్నాడు. దిగినా దిగకపోయినా పోసింది నిండా పోశానని ఆ మనిషే ఒప్పుకున్నాడు కదా అన్నాడు.

ఆమె చిన్నమేస్త్రీ వైపు తిరిగింది. “నాయనా, నువ్వు నిండా పోశానన్న ఆయిల్ ఎక్కడ పోశావు?”

అతను ఆమెను వింతగా చూశాడు. ఎక్కడ పోస్తారని ఇలా అడుగుతోంది ఈమె? “ట్యాంకులోనండి. బీరువాలు దూరం తీసుకెళ్ళాలి, ఆయిల్ కొట్టించే తీరిక లేదన్నాడాయన. నా దగ్గరున్న క్యానులోంచి ట్యాంకు నిండా పోసి పంపాను.”

“మరి ఇంజిన్లో పోసేదాన్ని ఏమంటావు?”

“నల్లాయిల్. అది నేను ముట్టుకోనేలేదు. బండి వచ్చిన రోజున గేజి చూశాను, సరిగ్గా గీతకే ఉంది.”

ఈ ఇద్దరు అన్నదమ్ములూ, వీళ్ళ తండ్రీ, ఈ వీధిలో బళ్ళు నడిపే ప్రతి మనిషీ డీజిల్‌ను ఆయిల్ అనే అంటారు. ఆయిల్ కొట్టించావా, ఆయిల్ అయిపోయిందా, ఆయిల్ ఎంత తాగుతోంది, ఇదే వాడుక. పుస్తకాల్లో చదువుకుని వచ్చిన ఇన్సూరెన్సు బాబుకు ఆయిల్ అంటే ఆయిలే. ఒక్క మాట రెండు చెవుల్లో రెండు రకాలుగా పడి, ఒకడి మెడకు చుట్టుకుంది. ఏడాది కిందటైతే ఇలాంటి మాట వినగానే అతను పక్కకొచ్చి, ‘మేడమ్, వీళ్ళు అనేది ఏంటి’ అని మెల్లగా అడిగి ఉండేవాడు.

ఇప్పుడు అడగలేదు. మొహం ఎర్రబడింది. మీరొచ్చి అందించాక మాట మార్చాడన్నాడు. మీ కాగితాలతో, మీ వాసనలతో కంపెనీకి పని లేదన్నాడు. ఇంజిన్ స్టార్ట్ చేసి ఆ పొగ వీడియో తీస్తే చాలు, ఎంత పోశారో ఎవరికైనా తెలుస్తుందని తాళంచెవి పిడికిట్లో బిగించి క్యాబిన్ వైపు నడిచాడు.

ఇక్కడ డిటెక్టివమ్మ ఒక పని చేసింది. నిజానికి చెయ్యవలసింది చెయ్యలేదు. ఇందాకటి భయం ఊరికే పుట్టిన భయం. ఇప్పుడు చేతిలో కాగితం ఉంది, ఛాంబరులో సగం డీజిలే ఉందని రుజువుంది. ఆ ఇంజిన్ లేచిందంటే నిన్నటి లాగే పూనకం పట్టినట్టు ఊగుతుందని ఆమెకు ఖాయంగా తెలుసు. గట్టిగా ఒక్క మాట అని ఉంటే అతను ఆగేవాడే. నోటిదాకా వచ్చిన మాటను ఆమె మింగేసింది. అంత తెలిసినవాడు కదా, తెలుసుకోనీ. ఆ మెరిసే బూట్లలో ఒక్కసారి ఎగిరి పడనీ. అలా అనుకున్నాక ఆమెకు నాలుక చేదయింది. అయినా పెదవి విప్పలేదు.

కానీ భయం అలవాటు ఎక్కడికి పోతుంది? ఎవరెక్కడ నిలబడ్డారో, ఎవరికి దారి ఉందో, ఎవరికి లేదో చూసుకుంది. ముసలామెను చేయి పట్టుకుని వాకిలి పక్కకు జరిపింది. చిన్నమేస్త్రీ బండి ముందర అయోమయంగా నిలబడ్డాడు. పెద్దమేస్త్రీ గడప దాటి లోపలికి వచ్చాడు. గోడకు ఆనించి ఉన్న మందపాటి చెక్క పలకను తీసుకుని ఇంజిన్ పక్కకు చేరాడు.

తాళం తిరిగింది.

మొదట రెండు మూడు దగ్గులు దగ్గింది. తర్వాత మామూలుగానే కొట్టుకుంది. ఇన్సూరెన్సు బాబు కిటికీలోంచి తల బయటపెట్టి ఏదో అనబోయాడు. అంతలో శబ్దం మారిపోయింది. ఎవరూ తొక్కకుండానే ఇంజిన్ గొంతు పెంచుకుంటూ పోయింది, పెంచుకుంటూనే పోయింది. రేకులు దడదడలాడాయి. వెనకనుంచి తెల్లటి పొగ షెడ్డంతా కమ్మేసింది. ఇన్సూరెన్సు బాబు తాళం తీసేశాడు. తీసిన తాళంచెవి చేతిలో పట్టుకుని, ఇంకా అరుస్తున్న ఇంజిన్ వైపు చూసి, నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

చిన్నమేస్త్రీ మోకాళ్ళ మీద పడి ట్యాంకునుంచి వచ్చే పైపు పట్టుకున్నాడు. దాన్ని మెలేసి, డీజిల్ ఆపి, ఊపిరి బిగపట్టాడు. ఇంజిన్ ఆగలేదు. దానికి ట్యాంకుతో పనే లేదు.

పెద్దమేస్త్రీ పలక ఎత్తాడు. నిన్నటి దెబ్బకు గాలి ఫిల్టరు డబ్బా ఊడిపోయి, ఇంజిన్ గాలి పీల్చే గొట్టం నోరు తెరుచుకుని ఉంది. ఆ నోటికి పలకను అడ్డం పెట్టి ఒళ్ళంతా దాని మీద ఆనించాడు. గొట్టం పలకను లోపలికి లాక్కోబోయింది. ఇంజిన్ గింజుకుంది, ఎక్కిళ్ళు పెట్టింది, ఊపిరాడక చచ్చింది.

పొగ విడిపోయేసరికి ఇన్సూరెన్సు బాబు క్యాబిన్లోంచి దిగుతున్నాడు. ఒక బూటు మెట్టుకు పట్టుకుని అక్కడే ఉండిపోయింది. డిటెక్టివమ్మ సంచిలోంచి నీళ్ళ సీసా తీసి అతని చేతికిచ్చింది. అతను తాగలేకపోయాడు, పళ్ళు సీసా మూతికి టకటకా కొట్టుకుంటున్నాయి. అతని భార్య ఏ వంటింట్లోనో ఈ వేళకు అతని కోసం ఏం వండుతోందోనన్న ఆలోచన డిటెక్టివమ్మకు వచ్చింది. తను మింగిన ఆ ఒక్క మాట ఎంత బరువైనదో అప్పుడు తెలిసింది.

అది తెలిశాకే రెండో సంగతి కూడా తట్టింది.

“పెద్దమేస్త్రీ” అని పిలిచింది. “పలక ఎప్పుడు తీసుకున్నావు?”

అది అరవడం మొదలుపెట్టాక తీసుకున్నానని అతను చెప్పాడు. ఆమె కాదంది. తాళం తిరగకముందే తీసుకున్నావు, నేను చూశాను అంది. ఇంజిన్ పిచ్చెత్తగానే తమ్ముడు పరిగెత్తింది ట్యాంకు పైపు దగ్గరికి. ఏ మేస్త్రీ అయినా ముందు అక్కడికే పోతాడు, డీజిల్ ఆపితే బండి ఆగాలి కాబట్టి. నువ్వు మాత్రం అది లేవకముందే గాలి గొట్టం దగ్గర కాపు కాశావు. ఇది పైనుంచి కాదు, కిందనుంచి తాగుతుందని నీకు ముందే తెలుసు.

ఇన్సూరెన్సు బాబు నీళ్ళ సీసా కింద పెట్టాడు. అనుభవం ఉన్న మేస్త్రీ కదా, జాగ్రత్త కోసం పట్టుకుని ఉంటాడు, అందులో తప్పేముందన్నాడు. ఒంటి బూటుతో కూడా ఆమె మాట కాదనే తీరాలని ఉంది అతనికి.

“వంగి చూడు బాబూ. నీ టార్చి బాగుంటుంది.”

అతను వంగాడు. ఛాంబరు అడుగంతా దుమ్ము, జిడ్డు గట్టి నల్లగా ఉంది. ఆయిల్ దింపే బోల్టు ఒక్కటే తళతళా మెరుస్తోంది. దాని అంచులు పానాలు పడీ పడీ అరిగాయి, కింద రాగి వాషరు కొత్తది. పక్కనే ఉన్న ఆయిల్ ఫిల్టరు మీద మాత్రం ఏళ్ళ నాటి మట్టి చెక్కు చెదరలేదు.

ఆయిల్ మార్చేవాళ్ళు ఫిల్టరు కూడా మారుస్తారు కదా అని ఆమె అడిగింది. ఇక్కడ బోల్టు మాటిమాటికీ విప్పారు, ఫిల్టరు జోలికి పోలేదు. అంటే మార్చడానికి విప్పలేదు. పెరిగినది పెరిగినట్టు కాస్త దింపేసి మళ్ళీ బిగించారు. డీజిల్ తోడే ఫీడ్ పంపులో పొర చిరిగితే డీజిల్ నేరుగా ఛాంబరులోకే కారుతుంది, గేజి రోజురోజుకూ పైకెక్కుతుంది. బండి ఆయిల్ ఎక్కువ తాగుతోందని యజమాని అనేవాడని పొద్దున మీ అమ్మే చెప్పింది. ట్యాంకులోది అడుక్కి చేరుతుంటే తాగకేం చేస్తుంది.

చిన్నమేస్త్రీ లేచి నిలబడ్డాడు. చేతుల నిండా డీజిలే. నెల రోజులుగా ఈ బండి తనను ఏడిపిస్తోందన్నాడు. ఎందుకంత తాగుతోందో, పొగ ఎందుకొస్తోందో అంతు చిక్కక డీజిల్ ఫిల్టరు మార్చాడట, పైపుల్లో గాలి తీశాడట, ఇంజెక్టర్లు విప్పి పరీక్ష చేయించాడట. మొదటి రోజు గేజి సరిగ్గా ఉండబట్టి మళ్ళీ అటు చూడనే లేదట. చెబుతూ చెబుతూ అన్న వైపు తిరిగి ఆగిపోయాడు. అతని మొహంలో ఇంకా కోపం లేదు. అర్థం కావడం మాత్రం మొదలైంది.

“నువ్వు ఇటు పంపే ముందు గీత దాకా దింపి పంపావు” అంది డిటెక్టివమ్మ. “తర్వాత దింపేవాళ్ళు లేరు. తమ్ముడికి ఆ సంగతి చెప్పినవాళ్ళూ లేరు.”

పెద్దమేస్త్రీ పలకను గోడకు ఆనించాడు. అది జారింది. మళ్ళీ ఆనించాడు. చెప్పలేదని జైల్లో పెడతారా అని గోడను చూస్తూ అడిగాడు. ఇన్సూరెన్సు బాబు ఆ మాట కోసమే కాచుకున్నట్టు ఫోను తీశాడు. పెడతారు, తెలిసి తెలిసి ఊరుకోవడం చిన్న సంగతి అనుకుంటున్నావా, ఇప్పుడే స్టేషనుకు చెబుతానని నంబరు వెతకసాగాడు. డిటెక్టివమ్మ అతని చేతి మీద చెయ్యి వేసి ఆపింది. కాసేపు ఆగు బాబూ, ముందు వాళ్ళమ్మకు చెప్పనీ అంది. ఆ గొంతులో ఎప్పుడూ ఉండే కంగారు లేదు. అందుకే కాబోలు అతను ఆగాడు.

ముసలామె పెద్దకొడుకు దగ్గరికి నడిచింది. అతని చొక్కాకు అంటిన మసిని చెంగుతో తుడవబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

“ఎందుకురా పెద్దోడా?” అంది. “గోడ అవతలనుంచి ఒక్క కేక వేస్తే సరిపోయేది కదరా.”

తమ్ముడు ఏమిటన్నట్టు చూస్తున్నాడు, పెద్దమేస్త్రీ అటు చూడలేదు. ఛాంబరు కిందనుంచి ఒక్కో చుక్కా నేల మీద పడుతోంది. పక్క షెడ్డులో ఎవరో కస్టమరు వచ్చి మేస్త్రీ ఉన్నాడా అని పిలిచి, జవాబు లేక వెళ్ళిపోయాడు. ఇన్సూరెన్సు బాబు ఊడిన బూటు తెచ్చుకుని తొడుక్కున్నాడు, లేసు కట్టుకున్నాడు, లేచి నిలబడ్డాడు. ఇక చెప్పడులే అన్నట్టు డిటెక్టివమ్మ వైపు చూశాడు. ఆమె కదల్లేదు. ముసలామె కూడా కదల్లేదు. కొడుకు మొహంలోకే చూస్తూ నిలబడింది.

“ఆ పంపుకు కొత్త పొర తెప్పించానమ్మా” అన్నాడు పెద్దమేస్త్రీ చివరికి. “అది వచ్చేలోపు బండి ఇటు వచ్చేసింది. నా బీరువాలోనే ఉంది, కవరు కూడా విప్పలేదు. వీడు ఫిల్టరు మార్చడం వినపడింది. గాలి తీయడం వినపడింది. ఇంజెక్టర్లు విప్పి మళ్ళీ బిగించడం వినపడింది. ఏదో ఒక పూట ‘అన్నయ్యా, నాకు అంతు చిక్కడం లేదు, ఓసారి వచ్చి చూడవా’ అంటాడని, రోజూ పానా చేత్తో పట్టుకునే కూర్చున్నాను.”